తుడిచేసిన మేనత్త

“మీరు మా మేనత్తని తుడిచేశారండీ,” అన్నాడతను కౌంటరు ముందు నిలబడి.

ఆమె కంప్యూటరు మీంచి తల ఎత్తింది. ఫొటో ల్యాబ్‌లో పనిచేసేవాళ్ళు నానారకాల ఫిర్యాదులు వింటారు. మొహం నల్లగా వచ్చిందంటారు. ఒక చెవి పెద్దదిగా వచ్చిందంటారు. అసలు ఈ ఫొటోలో ఉన్నది నేనే కాదంటారు. మేనత్తని తుడిచేశారన్న ఫిర్యాదు మాత్రం ఆమె వినడం అదే మొదటిసారి.

“ఎక్కడండీ?”

“ఇక్కడ.”

అతను చాపచుట్టలా చుట్టి తెచ్చిన పెద్ద ప్రింటుని కౌంటరు మీద విప్పి, మళ్ళీ చుట్టుకుపోకుండా రెండు చేతులతో అదిమి పట్టాడు. ప్రింటు నిండా ఎర్రటి రాతి గోడ. గోడకి అడ్డంగా చారలు, నిలువుగా ఒక పగులు. చేతులు రెండూ ఖాళీ లేవు కాబట్టి గడ్డంతో చూపించాడు.

“ఆ పగులు కింద. అక్కడ మా అత్త ఉండాలి.”

ఆమె వంగి చూసింది. పగులు కింద రాయి ఉంది. చాలా శుభ్రంగా ఉంది. అంత శుభ్రంగా చేసినందుకు ఆమెకి లోపల్లోపల కాస్త గర్వంగా కూడా అనిపించింది.

“అక్కడ మచ్చ ఉండిందండీ. నల్లగా, గుండ్రంగా. కెమెరా లోపల దుమ్ము పడితే అలాగే వస్తుంది. తీసేశాను.”

“అది మచ్చ కాదు, గొడుగు. గొడుగు కింద మా అత్త.”

వెనకగదిలో పెద్ద ప్రింటరుకి కాగితం ఎక్కిస్తున్న ఆమె బాబాయి చేతిపని ఆపేశాడు. ల్యాబ్ ఆయనదే. కానీ తగాదా ఎవరి పక్కకి ఒరుగుతుందో తెలిసేదాకా ముందుగదిలోకి వచ్చే అలవాటు ఆయనకి లేదు.

“దుమ్మయితే ప్రతి ఫొటోలోనూ ఒకేచోట ఉంటుంది కదండీ,” అన్నాడతను. “మా అత్త ఒక్కో ఫొటోలో ఒక్కోచోట ఉంది.”

“కదిలే దుమ్మనుకున్నాను.”

“ఎన్ని ఫొటోల్లో తీసేశారు?”

“అన్నిట్లోనూ,” అంది ఆమె. “దానికి విడిగా చార్జి ఏమీ వెయ్యలేదు,” అని కలిపింది.

ఇక తప్పదని బాబాయి బయటికి వచ్చాడు. కళ్ళజోడు సవరించుకుని, ప్రింటు వైపు తల వాల్చి, “ఇటుక ఫొటో బ్రహ్మాండంగా వచ్చిందే!” అన్నాడు.

అతను ఆమె వైపు తిరిగాడు. మొహంలో కోపం లేదు, ఇంతకన్నా సాక్ష్యం ఏం కావాలన్న నిదానం ఉంది.

“చూశారా? అది ఇటుక కాదండీ, కొండ. ఈ బజార్లో ఏ మేడా దాని మోకాలికి రాదు. మా అత్త ఉంటేనే అది కొండ. అత్త లేకపోతే ఇటుకే. హోటలువాళ్ళు కొత్త బిల్డింగు గోడలకని అడిగితే తీసుకెళ్ళి చూపించాను. ఇటుకల ఫొటోలు మాకెందుకయ్యా, ఇటుకలు మా దగ్గర చాలా ఉన్నాయి అన్నాడు మేనేజరు.”

ఆమె కంప్యూటర్లో అతనిచ్చిన అసలు ఫొటో తెరిచింది. పగులు దగ్గర నల్లచుక్కని పెద్దది చేసింది. చుక్క గొడుగయింది. గొడుగు కింద చీర కట్టుకున్న ఒక పెద్దావిడ తేలింది. చీర కింద ఆటలాడేవాళ్ళు తొడుక్కునే బూట్లు. ఆవిడ ఒక చెయ్యి నడుం మీద పెట్టుకుని, ఇంకెంతసేపురా అన్నట్టు నిలబడి ఉంది. ఇంకో ఫొటో తెరిచింది. అందులోనూ ఉంది ఆవిడే, ఈసారి ఒక బూటు విప్పి ఇసక దులుపుకుంటూ.

ఇంతమంది మొహాల మీద మచ్చలు తీసిన తను ఒక మనిషినే తీసి పారేసింది.

“సారీ అండీ, కనిపించలేదు,” అంది ఆమె.

అన్నది అతనితో కాదు, తెర మీది పెద్దావిడతో. అతను అది గమనించాడు. గమనించి, ప్రింటు మీంచి చేతులు తీసేశాడు. కొండ చటుక్కున చుట్టుకుపోయి కౌంటరు మీంచి దొర్లి కింద పడింది.

* * *

అతని పని ఎర్రరాళ్ళని ఫొటోలు తియ్యడం. ఊరి నుంచి పొద్దున్నే జీపులో బయల్దేరితే మధ్యాహ్నానికి ఆ ఎడారి వస్తుందట. అక్కడ రాళ్ళు తప్ప ఇంకేమీ లేవట. చెట్టూ పుట్టా మనిషీ ఏదీ లేనిచోట ఏది ఎంత ఎత్తో ఫొటోలో తెలియదు. అందుకే మేనత్తని వెంట తీసుకెళ్ళి దూరంగా నిలబెడతాడు. మోడల్స్‌ని పెట్టుకోవచ్చుగా అని బాబాయి అడిగితే, “వాళ్ళు కెమెరా వైపు చూసి నవ్వుతారండీ. మా అత్త నవ్వదు,” అన్నాడు.

తుడిచేసిన మేనత్తని ఒక్కో ఫొటోలో తిరిగి నిలబెట్టే పని మొదలయింది. అతను రోజూ వచ్చి కౌంటరు మీద మోచెయ్యి ఆనించేవాడు.

“అత్త ఉందా?”

“ఉంది.”

“గొడుగు?”

“అదీ ఉంది.”

అంతే. నమస్కారం బదులు అదే పలకరింపయిపోయింది. అతని పేరు ఎవరికీ అవసరం పడలేదు. బాబాయి లోపల్నుంచి, “అమ్మాయ్, అత్త అబ్బాయి వచ్చాడు,” అని కేకేసేవాడు. అతను తన ఫోన్లో ఆమె నంబరుని ‘తుడిచే అమ్మాయి’ అని పెట్టుకున్నాడు. ఆమె అది చూసి, “కాస్త మర్యాదగా ఉండేది ఏదైనా పెట్టుకోండి,” అంది. మర్నాడు చూస్తే ‘తుడిచే అమ్మాయిగారు’ అని ఉంది.

రంగు దగ్గర కూడా వాళ్ళకి పేచీ వచ్చింది.

“ఎరుపు తగ్గించారేం?”

“మరీ ఎక్కువుందండీ. రాయి అంత ఎర్రగా ఉండదు.”

“మీరు చూశారా?”

“రాయిని చూడలేదా ఏమిటి?”

“ఆ రాయిని?”

“రాయి రాయేగా.”

అతను ఆ మాట ఎవరో తన బంధువుల్ని అన్నట్టు మొహం పెట్టాడు.

ఇంత జరుగుతున్నా ఆమె తన మనసుని ఒక అడుగు వెనకే ఉంచింది. కారణం ఉంది. ల్యాబ్ మూసేస్తున్నారు. జనం ఫొటోలు ఫోన్లలోనే దాచుకుంటున్నారు. కాగితం మీద వేయించుకునేవాళ్ళు లేరు. హోటలువాళ్ళ ఆర్డరు కాగానే పెద్ద ప్రింటరుని ఎవరో కొనుక్కుని తీసుకుపోతారు. అవతల పెద్ద నగరంలో బాబాయి స్నేహితుడికి ప్రింటింగ్ ప్రెస్సు ఉంది. అందులో ఆమెకి ఉద్యోగం మాట్లాడేశాడు. నెలాఖరుకి ప్రయాణం. సామాను తగ్గించుకుంటున్న మనిషి కొత్త కుర్చీ కొనదు గదా. ఆమె లెక్కలో అతను కుర్చీ లాంటివాడు. చూడ్డానికి బాగున్నాడు, కానీ తీసుకెళ్ళడానికి కుదరదు.

ఆ సంగతి అతనికి బాబాయే చెప్పాడు.

“ఓహో,” అన్నాడతను.

మర్నాడు వచ్చి, అత్త గురించి అడక్కుండా, “నెలాఖరుకేనా?” అన్నాడు.

“అవునండీ.”

“ఓహో.”

ఇంకేదైనా అంటాడేమోనని ఆమె ప్రింటు మీద దుమ్ము దులుపుతూ చాలాసేపు నిలబడింది. ఆ ప్రింటు మీద దుమ్ము లేదు.

* * *

ఆ వారంలోనే మేనత్త స్వయంగా ల్యాబ్‌కి వచ్చింది. ఒక చేతిలో కర్ర, ఇంకో చేతిలో నల్లగొడుగు, కాళ్ళకి అవే బూట్లు. ఫొటోలో చుక్కంత ఉన్నావిడ గుమ్మంలోకి వచ్చేసరికి గుమ్మం నిండిపోయింది.

“నన్ను తుడిచేసిన పిల్లవి నువ్వేనా?”

“నేనేనండీ. క్షమించండి ఆంటీ.”

“ఆంటీ ఏమిటి, అత్తయ్యా అను.”

“మీరు ఆయనకి కదండీ అత్తయ్య.”

“ఒక మాటకి ఒక్కడే హక్కుదారా? అంటే అరిగిపోతుందా?” అని ఆవిడ కుర్చీ లాక్కుని కూర్చుంది. “ఎలా తుడిచావో చూపించు.”

ఆమె మొహమాటపడుతూనే ఒక ఫొటో తెరిచి, పెన్నుతో చుక్క మీద ఒక్కసారి గీసింది. మేనత్త మాయమైపోయింది. రాయి మిగిలింది. ఒక బటను నొక్కింది. మేనత్త గొడుగుతో సహా వచ్చి నిలబడింది.

“మళ్ళీ,” అంది ఆవిడ.

మళ్ళీ తుడిచింది. మళ్ళీ తెచ్చింది.

ఆవిడ కొంతసేపు తెరనే చూస్తూ కూర్చుంది. ఆ తర్వాత, “పోవడం ఇంత తేలికని నాకు తెలుసు. రావడం కూడా ఇంత తేలికైన చోటు ఇదొక్కటే చూశాను,” అంది. “బయట కూడా ఇలాంటి బటను ఒకటి పెడితే బాగుండేది. సర్లే. అసలు పనేమిటంటే, నాకు మోకాలు పట్టేసింది. హోటలు హాల్లోకి అన్నిటికన్నా పెద్ద ఫొటో ఇంకొకటి కావాలన్నారట. నిలబడ్డానికి మనిషి కావాలి. నువ్వు నా ఎత్తే ఉన్నావు.”

“నేనా? నాకిక్కడ పనుందండీ.”

“నీ పని నన్ను తుడవడమే కదా. నేనే నిలబడకపోతే నువ్వు తుడిచేదేముంది?”

ఆమె సాయం కోసం బాబాయి వైపు చూసింది. ఆయన ప్రింటరుతో మాట్లాడుతున్నట్టు దాని వైపే తిరిగి, “వెళ్ళిరామ్మా,” అన్నాడు. “రోజూ ఆ రాళ్ళకి రంగు తగ్గిస్తున్నావు. ఊరు వదిలేలోగా ఒక్కసారైనా వాటి మొహం చూసి రా.”

* * *

జీపులో ముందు సీటు మేనత్తది. వెనకసీటు కెమెరా స్టాండుది. దాని పక్కన మిగిలిన జాగాలో ఆమె కూర్చుంది. దారంతా అతను నోరు విప్పలేదు. మేనత్త నోరు మూయలేదు.

“వీడు ఇంట్లోనూ ఇంతేనమ్మా. అన్నం పెడితే తింటాడు. పెట్టకపోతే పెట్టలేదని చెప్పడు.”

“అత్తా, రోడ్డు చూడనీ.”

“చూశావా? అది ఈ వారంలో మూడో మాట.”

ఎడారి వచ్చింది. ఆమె జీపు దిగి, ఒక చెయ్యి తలుపు మీదే ఉంచి, అలాగే నిలబడిపోయింది. కొండలు అప్పుడే పొయ్యిలోంచి తీసి ఆరబెట్టినట్టున్నాయి. గాలి వాటిని పొరలు పొరలుగా చెక్కి, కొన్నిచోట్ల మధ్యలోనే విసుగుపుట్టి వదిలేసి వెళ్ళినట్టుంది. నేల ఎరుపు. నీడలు ఎరుపు. జీపు తెల్లది గదా, దాని పక్కభాగం కూడా ఎర్రగా మెరుస్తోంది.

“ఇది నిజంగానే ఇంత ఎరుపా!” అంది.

“మీరు సగం తగ్గించారు.”

“నమ్మలేదండీ.”

“పర్వాలేదు. రాయి ఏమనుకోదు,” అన్నాడతను. ఆ రోజుకి అది అతని మూడో మాట. స్టాండు భుజాన వేసుకుని దూరంగా కనపడే గుట్ట వైపు నడిచాడు.

మేనత్త గొడుగు ఆమె చేతికిచ్చింది. “అదిగో, ఆ గోడకి గరిటె లోపలిభాగంలా గుంటపడిన చోటుంది చూశావా? దాని కింద నిలబడు. ఇక్కడ ఫోన్లు పనిచెయ్యవు. వాడు అక్కణ్ణించి తెల్ల తువ్వాలు ఊపుతాడు. ఎటు ఊపితే అటు జరుగు.”

“అంత దూరం నుంచి పిలిస్తే వినబడదా అత్తయ్యా?”

అత్తయ్యా అన్నట్టు ఆమెకే తెలియలేదు. మేనత్తకి తెలిసింది.

“ఎంత దూరమో నువ్వే చూస్తున్నావుగా,” అంది ఆవిడ ఆకాశం వైపు చూస్తూ. ఆకాశంలో మబ్బు తప్ప చూడ్డానికి ఏమీ లేదు.

ఆమె నడిచి నడిచి గోడ దగ్గరికి చేరి, గొడుగు విప్పి నిలబడింది. వెనక్కి తిరిగి చూస్తే అతను అగ్గిపుల్లంత ఉన్నాడు. జీపు అగ్గిపెట్టెంత ఉంది. ఇంతదూరం నుంచి తనూ చుక్కంతే ఉంటుంది కాబోలు. ఎవరి ఫొటోలోనైనా ఉంటే మనిషిలా ఉండాలి గానీ ఈ చుక్కగా ఉండటమేమిటి అనుకుంది.

“కొంచెం ఎడమకి,” అన్నారెవరో చెవి పక్కనే.

ఆమె అదిరిపడి చుట్టూ చూసింది. ఎవరూ లేరు.

“అబ్బా, అటు కాదు తల్లీ. ఎడమకి.”

దూరంగా అగ్గిపుల్ల తెల్లతువ్వాలు ఊపుతోంది. ఆమె ఎడమకి జరిగింది.

“హమ్మయ్య. అత్తయితే ఈపాటికి నన్ను నాలుగు తిట్టి ఉండేది.”

అప్పుడర్థమయింది ఆమెకి. అక్కడ అతను గొణుక్కునేదంతా ఈ గుంటపడిన రాయి పోగుచేసి తెచ్చి తన చెవిలో పోస్తోంది. వెంటనే చెప్పెయ్యాలని నోరు తెరిచింది.

“చెప్పాలి,” అన్నాడతను. “ఇవాళ చెప్పకపోతే ఇక చెప్పేదేం లేదు.”

ఆమె నోరు మూసుకుంది. మర్యాద కాదని తెలుసు. అయినా మూసుకుంది.

“చూడండీ, నేను మీతో ఒక విషయం... ఛ! బ్యాంకులో లోను అడిగినట్టుంది. నువ్వంటే నాకు... వద్దు. నువ్వు అంటే కోప్పడుతుంది. మీరంటే నాకు... మీరంటే ఏమిటి, వాళ్ళ బాబాయితో కలిపి అన్నట్టుంది.”

కెమెరాకి ఏదో తగిలిన చప్పుడు. కాసేపు గాలి.

“చుక్కలా ఉంది.”

ఆమె గొడుగు పిడి గట్టిగా పట్టుకుంది. ఫొటోలో చుక్కనా, ఆకాశంలో చుక్కనా? ఆ మాట తెలుగులో ఎటైనా ఒరుగుతుంది. అటు పక్క నుంచి ఇంకొంచెం వివరం వస్తే బాగుండుననిపించింది.

“చుక్కలాంటి పిల్ల. అబ్బే, మరీ పాతకాలం. మా అత్త అన్నట్టుంది.”

వివరం వచ్చింది. ఎండ లేకపోయినా ఆమె మొహం వేడెక్కింది. మబ్బు కొండ మీదికి వచ్చి, ఎరుపు కాస్త నల్లబడింది. చాలాసేపు ఏమీ వినబడలేదు. వెళ్ళిపోయాడా అని తొంగిచూస్తే అగ్గిపుల్ల అక్కడే ఉంది, తల వంచుకుని.

“ఓహో అన్నాను,” అన్నాడతను. గొంతు మారింది. “ఊరు విడిచి పోతున్నానని ఒక మనిషి చెబితే ఓహో అన్నాను. ఎవరు పోతున్నా నాకు అదొక్కటే వస్తుంది. నాన్న సంచి తీసుకుని ఊరెళ్ళొస్తానన్నప్పుడు కూడా ఓహోనే అన్నాను. ఎప్పుడొస్తావు అని అడిగుంటే వచ్చేవాడో ఏమో. అడగలేదు. ఈ పిల్లనీ అడగలేదు. రేపు బస్సు దగ్గర కూడా ఓహో అనే చేతులూపుతాను. అంతే. నా బతుకింతే.”

ఆమెకి కుర్చీ సంగతి గుర్తొచ్చింది. ఎవరినైనా కుర్చీ అనుకోవడం సులువు, వాళ్ళు మాట్లాడనంతసేపు.

ఇప్పుడు రెండే దారులున్నాయి. ఏమీ విననట్టు గొడుగు ముడిచి జీపు దగ్గరికి పోవచ్చు. అతను మళ్ళీ నోరు విప్పడు, తను నెలాఖరుకి బస్సెక్కుతుంది, ఎవరికీ ఇబ్బంది లేదు. ఆ దారి శుభ్రంగా ఉంది. శుభ్రంగా తుడవడం తనకి బాగా వచ్చిన విద్య.

మొదటి చినుకు గొడుగు మీద టప్పున పడింది.

“నువ్వు అన్నా కోప్పడను,” అంది ఆమె, పక్కనున్న మనిషితో అన్నంత మెల్లగా.

అగ్గిపుల్ల నిటారుగా అయిపోయింది. కెమెరా కిందికి చూశాడు. వెనక్కి చూశాడు. జీపు వైపు చూశాడు. ఆకాశం వైపు కూడా చూశాడు.

“ఎవరది?”

“చుక్క.”

చినుకులు పడుతున్నాయి.

“వినబడుతోందా?” అన్నాడు చివరికి.

“వినబడుతోంది.”

“ఎప్పట్నుంచి?”

“‘కొంచెం ఎడమకి’ దగ్గర్నుంచి.”

“ఓహో.”

“ఆ మాట తప్ప ఇంకేదైనా అనండి.”

ఇంకేదైనా వెతుక్కోవడానికి అతనికి కాస్త టైము పట్టింది. ఆమె ఆగింది. నిలబడ్డానికేగా వచ్చింది.

“నువ్వు వెళ్ళే చోటికి నేనూ రావచ్చా?” అన్నాడతను.

“అక్కడ రాళ్ళు లేవుగా.”

“రాళ్ళు ఇక్కడే ఉంటాయి. అవెక్కడికీ పోవు. వాటి దగ్గరికి ఎప్పుడైనా రావచ్చు, పోవచ్చు. పోయేదానివి నువ్వే. అందుకే ముందు నీ సంగతి అడుగుతున్నాను.”

ఇంత పొడుగు మాట అతను ఎవరితోనైనా అనడం ఆమె వినలేదు. ఆమె తల ఊపింది. రాయి ఎంత బాగా మోసుకెళ్ళినా, తల ఊపడాన్ని మోసుకెళ్ళదు గదా.

“రావచ్చా?” అన్నాడు మళ్ళీ. ఈసారి అడగడం మానలేదు.

“రా,” అంది. “ముందు ఫొటో తియ్యి. వెలుతురు పోతోంది.”

అతను కెమెరాని దానంతటదే కొద్ది కొద్దిసేపటికి ఒక ఫొటో తీసుకునేలా పెట్టి, తువ్వాలు దాని మీద కప్పి, గుట్ట దిగి పరుగెత్తుకొచ్చాడు. క్షణంలో వచ్చేస్తారని అందరూ అనుకుంటారు గానీ, అలా పరుగెత్తి రావడానికి చాలాసేపు పడుతుంది. ఆ దూరం నిజమైన దూరం. మధ్యలో ఒకసారి పడ్డాడు. ఒకసారి ఆగి బూటులోంచి రాయి తీసేసుకున్నాడు. ఆమె గొడుగు పట్టుకుని ఎదురుచూసింది. వానకి రాళ్ళు ముదురెరుపుగా మారి, చిన్న చిన్న ధారలు కట్టి మెరుస్తున్నాయి. తను సగం తగ్గించిన రంగు ఇదేనా అనుకుంది.

అతను వచ్చాడు. మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని రొప్పుతున్నాడు. ఆమె గొడుగు అతని మీదికి జరిపింది.

“ఏదైనా చెప్పాలా?” అంది.

“చెప్పాల్సింది అక్కడే... చెప్పేశాను.”

“విన్నాను.”

ఇద్దరూ గొడుగు కింద నిలబడ్డారు. సిగ్గుపడ్డానికి ఇద్దరికీ జాగా చాలడం లేదు.

“ఒరేయ్,” అంది మేనత్త గొంతు చెవి పక్కనే.

ఇద్దరూ ఒకేసారి ఎగిరిపడ్డారు. గుట్ట మీద, కెమెరా పక్కన, కర్ర పట్టుకుని ఇంకో అగ్గిపుల్ల నిలబడి ఉంది.

“నీ తువ్వాలు తడిసిపోయింది, కెమెరా మీద నా కొంగు కప్పుతున్నాను. మీరు మాట్లాడుకోండి, తొందరేం లేదు. నేను వినడం లేదు.”

“అత్తా! అక్కడికీ ఇక్కడికీ వినబడుతుందని నీకు తెలుసా?”

“ఏళ్ళ తరబడి తెలుసు. నువ్వు నన్ను ముసలి మొండిఘటం అన్నప్పుడల్లా తెలుసు.”

“మరి ఒక్కసారైనా చెప్పలేదేం? ఇంట్లో ఒక్క క్షణం ఊరుకోవు, ఇక్కడ మాత్రం నోరు కుట్టేసుకున్నావా?”

“చెబితే నువ్వు ఆ గొణగడం కూడా మానేసేవాడివి రా,” అంది ఆవిడ. “ఇంట్లో నువ్వు నోరు విప్పిందెప్పుడు? నీ మంచీ చెడ్డా నేను విన్నది ఇక్కడే. మీ నాన్న గురించి నువ్వనుకునేదీ ఇక్కడే విన్నాను. అందుకే ఎండయినా గాలైనా వచ్చి నిలబడ్డాను.”

అతను తల వంచుకున్నాడు. ఆమె గొడుగు ఇంకాస్త అతని వైపు వంచింది.

“మరి మోకాలి నొప్పి అబద్ధమా అత్తయ్యా?” అని అడిగింది ఆమె.

“నిజమేనమ్మా. వీడు చెప్పేది వినడానికి నిలబడి నిలబడి వచ్చిందే. ఇక నీ వంతు. నువ్వు పోయే ఊళ్ళో మోకాళ్ళ డాక్టరు మంచివాడున్నాడట, మీ బాబాయిని అడిగాను. ముగ్గురం ఒకే బస్సు ఎక్కుదాం. గుమ్మంలో నిలబడి పోయేవాళ్ళకి చేతులూపడం నావల్ల కాదు, ఆ పని చాలాసార్లు చేశాను.”

* * *

హోటలు హాల్లోకి కావలసిన ఫొటోని బాబాయే ప్రింటు వేస్తానన్నాడు. ఆ మిషను మీద అదే ఆఖరు పని. ఇంకో మనిషిని ముట్టుకోనివ్వలేదు.

ఆమె పక్కనే నిలబడింది. అతను కౌంటరు అవతల నిలబడ్డాడు. ఈసారి అత్త ఉందా అని అడగలేదు.

తెర మీద కొండ నిండుగా పరుచుకుంది. వానలో తడిసి, ఒక్క రవ్వ కూడా తగ్గించని ఎరుపుతో. ఇటుక అని ఎవరూ అనలేరు. గరిటె గుంటలాంటి చోటు కింద నల్లచుక్క ఉంది. బాబాయి కళ్ళజోడు పైకి నెట్టుకుని, తెరకి ముక్కు తగిలేంత దగ్గరగా వంగి చూశాడు.

“అమ్మాయ్.”

“ఆఁ బాబాయ్.”

“ఈ చుక్క నువ్వు కదూ?”

“అవును బాబాయ్.”

“మరి ఈ చుక్కలో ఇంకో చుక్క ఇరుక్కుని ఉందే?”

కౌంటరు అవతల అతను గోడ మీది పాత క్యాలెండరుని మహా శ్రద్ధగా చదువుతున్నాడు.

బాబాయి ఆ చుక్కని పెద్దది చేయలేదు. పెద్దది చేస్తే ఎవరో తెలిసిపోతుంది. తెలిస్తే కేకలెయ్యాలి. కేకలేస్తే మళ్ళీ శాంతించాలి. ఆయనకి అంత ఓపిక లేదు. పెన్ను చేతిలోకి తీసుకున్నాడు.

“దుమ్మేమో. తుడిచెయ్యమంటావా?”

“వద్దు బాబాయ్.”

“బాగా ఆలోచించుకునే చెబుతున్నావా? ఒకసారి కాగితం మీదికెక్కితే ఇక తీసేది లేదు.”

“వద్దు.”

బాబాయి పెన్ను కింద పెట్టి, కౌంటరు వైపు ఒకసారి తల తిప్పి చూశాడు. “ఏమయ్యా, అత్త అబ్బాయ్. నువ్వేమంటావు?”

అతని నోటి చివరిదాకా ఒక మాట వచ్చింది. ఏ మాటో ఆమెకి తెలుసు. ఆమె అతని వైపు చూసింది. అతను ఆ మాటని మింగేశాడు.

“ఉండనివ్వండి బాబాయ్,” అన్నాడు.

బాబాయి ఆ పిలుపుని విని, మిషను బటను నొక్కాడు. కొండ పైనుంచి కిందికి నెమ్మదిగా కాగితం మీదికి దిగసాగింది.